కుంచె పక్కన పెట్టి మాండలిన్ పట్టాడు, తమ్ముడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. నా తమ్ముడికి 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక యాడ్ కంపెనీలో ఆర్టిస్టుగా చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ కార్టూన్లు బాగా వేస్తాడు, ఆన్‌లైన్‌లో వాడి బొమ్మల కోసం ఎదురుచూసేవాళ్లు కూడా ఉన్నారు. ఈ మధ్య ఎక్కడో ఒక పాత మాండలిన్ కొన్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి పాత పాటలు వాయిస్తున్నాడు. బొమ్మలు వేయడం దాదాపు మానేశాడు. ఇప్పుడు ఉద్యోగానికి రాజీనామా చేసి బ్యాండ్ పెడతానంటున్నాడు. ఇదేంట్రా అంటే, ‘రాబర్ట్ క్రంబ్ కూడా అంతే కదక్కా, కార్టూనిస్టు అయ్యుండి బ్యాండ్ నడిపాడు’ అంటాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డుకూ చేరడని నాన్నగారు వాడితో మాట్లాడటమే మానేశారు. మధ్యలో నాకు టెన్షన్. ఆ క్రంబ్ ఎవరు? వీడు చెప్పేది నిజమేనా, ఉద్యోగం మానడానికి సాకా? వాడికి నేనేం చెప్పాలి?

– ఒక అక్క

సమాధానం: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే సగమే. రాబర్ట్ క్రంబ్ అమెరికన్ కార్టూనిస్టు. ఆయనకు బ్యాండ్ ఉన్న మాటా, ఆ బ్యాండ్ మూడు ఎల్పీ రికార్డులు తెచ్చిన మాటా వాస్తవమే. ఆ బ్యాండ్ కోసం ఆయన బొమ్మలు మానెయ్యలేదన్నది మిగతా సగం. మీవాడు దాన్ని దాటేశాడో, వాడికే తెలియదో మరి. కాబట్టి ఆయన కథ కాస్త వివరంగా చెబుతాను. ఈసారి తమ్ముడు ఆ పేరెత్తితే మీ దగ్గర జవాబు ఉంటుంది.

క్రంబ్ 1943లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. నాన్న సైన్యంలో పనిచేసినవాడు, కోపిష్ఠి. ఇంట్లో ఐదుగురు పిల్లలు. చార్లెస్ అనే అన్నకు కామిక్స్ అంటే పిచ్చి. తనొక్కడూ గీసుకుంటే సరిపోక, తోబుట్టువులను కూర్చోబెట్టి వాళ్లచేతా గీయించేవాడు. గీయక తప్పేది కాదు. క్రంబ్ చేతికి పెన్ను అలా అన్న బలవంతం మీద వచ్చింది. పాత పాటల పిచ్చి మాత్రం ఎవరూ అంటించింది కాదు, పదిహేను పదహారేళ్ల వయసులో తనంతట తనే తగిలించుకున్నాడు. ఈ తేడా ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1962లో క్లీవ్‌లాండ్‌లోని అమెరికన్ గ్రీటింగ్స్ అనే గ్రీటింగ్ కార్డుల కంపెనీలో చేరాడు. మొదట అచ్చు కోసం బొమ్మల్లో ఏ రంగుకు ఆ రంగు విడదీసే పని. పుట్టినరోజు కార్డు మీద కుక్కపిల్ల ముక్కుకు ఏ రంగు పడాలో చూసుకుంటూ కూర్చోవడమన్నమాట. తర్వాత కార్డుల మీద జోకుల బొమ్మలు వేయనిచ్చారు. ఆ ఉద్యోగమంటే ఆయనకు పడేది కాదు. కానీ గీత శుభ్రంగా ఉండటం, అడిగిన టైముకు బొమ్మ చేతిలో పెట్టడం అక్కడే అలవాటయ్యాయి. తర్వాత ఎంత ముతక విషయం గీసినా ఆయన బొమ్మల్లో ఆ గ్రీటింగ్ కార్డు గుండ్రదనం పోలేదు. నన్నడిగితే చూసేవాళ్లను పట్టి లాగేది సగం అదే. యాడ్ కంపెనీలో సబ్బుల బొమ్మలు వేస్తూ చేయి పాడైపోతోందని మీ తమ్ముడు అంటుంటే, ఈ సంగతి చెప్పండి.

తర్వాతి ముక్క మాత్రం చెప్పకండి. 1967లో ఒకరోజు బార్‌లో ఇద్దరు తెలిసినవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నామంటే, క్రంబ్ ఉద్యోగాన్నీ ఇంటినీ వదిలేసి ఉన్నపళంగా వాళ్ల కారెక్కేశాడు. భార్యకు కూడా ఆ తర్వాతే తెలిసింది. మీవాడికి ఇది ముందే తెలిసి ఉంటే మాత్రం ఇంకో విషయం గుర్తు చేయండి. ఆ కారెక్కే నాటికి ఆయనకు చిన్నప్పటి నుంచీ నింపుకుంటూ వచ్చిన స్కెచ్ పుస్తకాలున్నాయి, నాలుగైదేళ్ల కంపెనీ పని ఉంది, ఎవరు చూసినా ఇది ఫలానావాడిదని గుర్తుపట్టే గీత ఉంది.

1968లో ఆయన కామిక్ పుస్తకం ‘జాప్ కామిక్స్’ మొదటి సంచిక వచ్చింది. దుకాణాలు పెట్టుకోవు కాబట్టి, ఆయనా భార్యా చంటిపిల్లల బండిలో కాపీలు వేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్ స్ట్రీట్ మీద తిరుగుతూ అమ్మారు. పెద్ద కంపెనీల కత్తెర పడకుండా, పెద్దవాళ్ల కోసం సొంతంగా వేసుకునే ‘అండర్‌గ్రౌండ్ కామిక్స్’కు అది పెద్ద ఊపు. అదే ఏడాది జానిస్ జాప్లిన్ అనే రాక్ గాయని పాడే బృందం ‘చీప్ థ్రిల్స్’ అనే రికార్డు తెచ్చింది. దాని అట్ట మీది బొమ్మ క్రంబ్‌దే. వెనక అట్టకని వేసిన బొమ్మ అందరికీ నచ్చి ముందుకొచ్చింది. దాని మీద ఆయనకు ముట్టింది 600 డాలర్లు. తమాషా ఏమిటంటే, ఆ కాలపు రాక్ సంగీతమంటే ఆయనకు గిట్టదు. తర్వాత రోలింగ్ స్టోన్స్ అనే పేరున్న రాక్ బృందంవాళ్లు అట్ట వేసిపెట్టమని అడిగితే, మీ పాటలు నాకు నచ్చవు పొమ్మన్నాడు.

మరి ఆయనకు నచ్చిందేమిటి? 1920లు, 30ల నాటి 78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ ప్లేట్లు. నల్లజాతి పల్లె గాయకుల బ్లూస్, పాత జాజ్, కొండప్రాంతాల తెల్లవాళ్ల ఫిడేలు పాటలు, ఆ రోజుల డాన్స్ బ్యాండ్లు. కుర్రవాడిగా డెలావేర్‌లో ఉన్నప్పుడు నల్లజాతివాళ్లుండే వీధుల్లో గడపగడపకూ వెళ్లి, మీ ఇంట్లో పాత రికార్డులున్నాయా, అమ్ముతారా అని అడిగేవాడు. ఆ ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్లేది. కింద పడితే పెంకులా పగిలిపోతాయి. ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. మీ నాన్నగారి తరంవాళ్లకు ఇది కొత్త కాదు. పౌరాణిక నాటకాల పద్యాలను మనవాళ్లు ఇంటింటా విన్నదీ ఆ ప్లేట్ల మీదే కదా. ఆయన్ని ఒకసారి కదిపి చూడండి, మాట్లాడతారు.

ఇక బ్యాండ్ సంగతి. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్, అల్ డాడ్జ్ అనే స్నేహితులతో కలిసి ‘చీప్ సూట్ సెరెనేడర్స్’ పెట్టాడు. చవక సూట్ల పాటగాళ్లన్నమాట, పేరులోనే వేళాకోళం. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా కార్టూనిస్టే. వడ్రంగి రంపాన్ని వంచి పట్టుకుని, కమానుతో రాసి దాని మీద పాట పలికించగలడు. క్రంబ్ బ్యాంజో అనే తీగల వాయిద్యం, మాండలిన్ వాయించేవాడు, పాడేవాడు. తర్వాత టెర్రీ జ్విగాఫ్ అనే ఆయన చెల్లో అనే పెద్ద ఫిడేలుతో వచ్చి చేరాడు. అమెరికాలో 78 రికార్డులు తయారవడం ఆగిపోయి పదేళ్లు దాటాక, వీళ్లు పనిగట్టుకుని తమ పాటను 78 రికార్డుగానే వేయించారు. 1974 నుంచి 1978 లోపు బ్లూ గూస్ అనే చిన్న కంపెనీ ద్వారా మూడు ఎల్పీలు వచ్చాయి. అట్టల మీద బొమ్మలు ఎవరివో వేరే చెప్పాలా?

ఆ పాటలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వినండి. గొప్ప విద్వత్తేమీ వినపడదు. గొంతు ముక్కుతో పాడినట్టుంటుంది. నలుగురు స్నేహితులు వరండాలో కూర్చుని, ఎవరో విని మెచ్చుకోవాలన్న ఆరాటం లేకుండా వాయిస్తున్నట్టుంటుంది. నాకైతే అదే నచ్చింది. కానీ దాంతో ఇల్లు గడుస్తుందని క్రంబ్ అనుకోలేదు. పేరున్న కార్టూనిస్టు కాబట్టి ఆ పేరు మీద జనం వచ్చేవారు. ఆయనకేమో స్టేజీ ఎక్కడం మీద పెద్ద మోజు లేదు. 70లు ముగిసేసరికి ఊరూరా తిరిగే కచేరీల నుంచి ఆయన తప్పుకున్నాడు, మిగతావాళ్లు కొనసాగించారు. వాయించడం మాత్రం మానలేదు. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో సోవ్ అనే చిన్న ఊరికి మకాం మార్చాక, ఆ దేశపు ‘లే ప్రిమిటిఫ్ దు ఫ్యూచర్’ అనే బృందంతో కలిసి వాయించాడు. ఫ్రాన్స్‌లో ఇల్లు ఎలా వచ్చిందో తెలుసా? కొన్ని స్కెచ్ పుస్తకాలు ఇచ్చి, బదులుగా ఇల్లు తీసుకున్నాడు. బ్యాంజో ఇచ్చి కాదు.

పాట ఆయనకు కూడు పెట్టలేదు కానీ ఆయన బొమ్మకు మాత్రం బాగా పెట్టింది. ‘కీప్ ఆన్ ట్రకిన్’ అని జాప్ మొదటి సంచికలో ఒక పేజీ ఉంది. కొండంత బూటు ముందుకు చాపి, ఒళ్లు వెనక్కి వాల్చి నడిచే మనుషులు. ఆ మాట బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే బ్లూస్ గాయకుడి 1930ల నాటి పాటలోంచి వచ్చింది. న్యూయార్క్‌లో నిక్ పెర్ల్స్ అనే ఆయన పాత బ్లూస్‌ను మళ్లీ విడుదల చేస్తుండేవాడు. బ్లూ గూస్ కూడా ఆయనదే. క్రంబ్ ఆయనకు అట్టల బొమ్మలు వేసిచ్చి, డబ్బుకు బదులు అరుదైన 78 రికార్డులు పుచ్చుకునేవాడు. 1980లో బ్లూస్ కళాకారుల మీద 36 కార్డుల పెట్టె ఒకటి వేశాడు. మన పిల్లలు క్రికెటర్ల కార్డులు దాచుకుంటారే, ఆ సైజువి. చార్లీ ప్యాటన్, బ్లైండ్ లెమన్ జెఫర్సన్ లాంటివాళ్లు, చాలామందికి మిగిలినవి ఒకటీ అరా మసక ఫోటోలే. వాటిని చూసి, నలిగిన కోటు, మెడ దగ్గర బిగిసిన టై, గిటార్ మెడ మీద వేళ్లు ఎక్కడున్నాయో అక్కడే పెట్టి వేశాడు. వాయించడం తెలిసినవాడు కాబట్టి ఆ వేళ్లు తప్పుగా పడవు. మామూలు బొమ్మల్లో చూడండి, గిటార్ పట్టుకున్న చేయి చీపురు పట్టుకున్నట్టుంటుంది. తర్వాత మిసిసిపీ గాయకుడు చార్లీ ప్యాటన్ జీవితాన్నే కామిక్‌గా గీశాడు. 1934లో చనిపోయిన ఆ గాయకుణ్ని అంత శ్రద్ధగా ఎవరైనా గీశారంటే ఈయనే.

ఇంకో బొమ్మ గురించి కూడా చెప్పాలి. ‘ఎ షార్ట్ హిస్టరీ ఆఫ్ అమెరికా’, 1979 నాటిది, 12 గడులు. ఒకే చోటు. మొదటి గడిలో పచ్చిక, చెట్లు. తర్వాత రైలు పట్టా, మట్టిరోడ్డు, ఒక ఇల్లు. తర్వాత స్తంభాలు, తీగలు, దుకాణం, కార్లు. చివరి గడికి వచ్చేసరికి ఆకాశమంతా తీగలే, ఒక్క చెట్టు లేదు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. మన హైవే పక్క ఊళ్లను చూసినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ స్తంభాలనూ ట్రాన్స్‌ఫార్మర్లనూ ఊహించి వేయడం కుదరదని, వీధి మూలల ఫోటోలు ప్రత్యేకంగా తీయించి దాచుకునేవాడాయన. అందరి కళ్లముందూ ఉండి ఎవరికీ కనపడని వస్తువులవి. జనం పారేసిన పాటను వెతికి వినడం, జనం చూడని స్తంభాన్ని వెతికి గీయడం, నా దృష్టిలో ఈ రెండూ ఒకే మనిషి పనులు, ఒకే బుద్ధి నుంచి పుట్టినవి.

బ్యాండ్‌లో చెల్లో వాయించిన జ్విగాఫే చాలా ఏళ్లు వెంటబడి ఆయన మీద ‘క్రంబ్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అది 1995లో అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో పెద్ద బహుమతి తెచ్చుకుంది. వీలైతే చూడండి, అయితే నాన్నగారితో కలిసి కాదు. అందులో చార్లెస్ కనిపిస్తాడు. తమ్ముళ్లచేత బలవంతంగా గీయించిన ఆ అన్న, ముదిరిన మానసిక వ్యాధితో తల్లి ఇంట్లోనే ఉండిపోయాడు. పాత నోటుపుస్తకాలు చూపిస్తారు. పేజీలు తిరిగేకొద్దీ మాటలు ఉబ్బి, బొమ్మలు ఇరుకైపోయి, చివరికి పేజీ నిండా సన్నటి రాతే మిగులుతుంది. సినిమా బయటికి రాకముందే ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

మీరు తప్పక తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటి. క్రంబ్ బొమ్మల్లో చాలా భాగం ఇంట్లో తెరిచి పెట్టుకోదగ్గవి కావు. ఆడవాళ్లను వేసిన తీరు, నల్లజాతివాళ్లను వేసిన తీరు చాలామందిని గాయపరిచాయి. అది వెక్కిరింత, అమెరికా మనసులోని కుళ్లును బయటపెట్టడం అంటారు ఆయన అభిమానులు. కొన్నిచోట్ల ఆ మాట నిలుస్తుంది, చాలాచోట్ల నిలవదని నా అభిప్రాయం. బ్లూస్ గాయకులను అంత గౌరవంగా గీసిన చేయే, నల్లజాతి స్త్రీని అంత హీనంగానూ గీసింది. 60ల్లో మత్తుమందు కూడా వాడాడు, ఆయన పేరున్న పాత్రలు కొన్ని ఆ రోజుల్లోనే పుట్టాయి. ఆయన పేరు జపించే కుర్రవాళ్లు ఏది తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో తేల్చుకోవాలి. మీవాడు కార్డులూ ప్యాటన్ కథా చదివాడో లేదో అడగండి. చదవకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.

ఇక మీ ఇంటి సంగతి. నాన్నగారి పడవల సామెత ఇక్కడ సరిగ్గా అతకదమ్మా. క్రంబ్ ఒక పడవలోనే ఉన్నాడు, పాడుకుంటూ తెడ్డు వేశాడు. మీ తమ్ముడు చేయబోయేది తెడ్డు నీళ్లలోకి విసిరేసి పాడటం. నాకున్న భయం ఉద్యోగం పోతుందని కాదు, మాండలిన్ పోతుందని. ఇప్పుడది ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని సంతోషం. రేపు గది అద్దె దాని మీద పడిందంటే, పెళ్లిళ్ల సంగీత్‌లో అడిగిన పాటలు వాయించాలి, డబ్బులివ్వనివాళ్ల వెంట తిరగాలి, నచ్చిన పాత పాటను ఎవరూ అడగరు. యాడ్ కంపెనీలో సబ్బు బొమ్మల మీద వచ్చిన విసుగే అక్కడా వస్తుంది. అప్పుడు వాడికి వెళ్లి తలదాచుకోవడానికి ఏం మిగులుతుంది?

సంగీతమే వృత్తి చేసుకోవద్దని కాదు. మీకు దగ్గర్లోని పాలకొల్లు నుంచే మాండలిన్ శ్రీనివాస్ వచ్చారు. ఆ చిన్న వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించి ప్రపంచమంతా తిరిగారు. కానీ ఆయన తొమ్మిదేళ్లకే కచేరీ చేసినవారు. ఆ దారి వేరు, ఆ సాధన వేరు. 26 ఏళ్లకు పట్టుకున్నవాడు ఆయన దారిలో వెళ్తానంటే ముందు గురువు దగ్గర కూర్చోవాలి, రోజుకు కొన్ని గంటలు సాధన చేయాలి. దానికి సిద్ధమా అని అడగండి. నిజంగా సిద్ధమంటే అది గౌరవించాల్సిన మాటే. కాకపోతే అప్పుడు క్రంబ్ పేరు చెప్పుకోవడం కుదరదు.

మీరు వాడిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, బ్యాండ్ గురించి కాదు. బొమ్మలు ఎందుకు మానేశావు అని అడగండి. కోప్పడుతూ కాదు, పక్కన కూర్చుని. ఆన్‌లైన్‌లో రోజూ లైకులు లెక్కపెట్టుకుని విసిగాడా? ఆఫీసులో వాడి బొమ్మను ఎవరైనా చులకన చేశారా? లేక చిన్నప్పుడు ‘మావాడు ఎంత బాగా వేస్తాడో చూడండి’ అని చుట్టాలందరి ముందూ గీయించి గీయించి, బొమ్మ అంటే మనందరి కోసం చేసే పని అయిపోయిందా? క్రంబ్‌కు పెన్ను అన్న ఇచ్చాడు, పాట తనే వెతుక్కున్నాడని ముందే చెప్పాను. మీ ఇంట్లోనూ అలాంటిదేదైనా ఉందేమో ఆలోచించండి. మాండలిన్ వాడు తనకోసం కొనుక్కున్న మొదటి వస్తువైతే, దాన్ని లాక్కుంటే బొమ్మ తిరిగి రాదు.

వాడు ఒప్పుకుంటే ఈ పని చేయించండి. రాజీనామా మూడు నెలలు ఆపమనండి. బ్యాండ్ ఆపొద్దు. ఆఫీసు నుంచి వచ్చాక వారానికి రెండు రోజులు, ఆదివారం పూర్తిగా వాయించుకోమనండి. ఆ మూడు నెలలూ కంప్యూటర్ మీద కాకుండా కాగితం మీద, పోస్ట్ చేయడానికి కాకుండా, తను వాయించే పాత పాటల మనుషులను గీయమనండి. ఆ పాటలు పాడినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు, గ్రామఫోన్ చుట్టూ చేరి విన్న జనం, ఎవరినైనా సరే. ఫోటోలు మీరు, నాన్నగారు, పెదనాన్నగారు వెతికి పంపండి. ఇంట్లో ఎవరి దగ్గరైనా పాత ప్లేట్లుంటే అవి పోస్టులో కాదు, చేత్తో పట్టుకెళ్లండి.

ఒక లౌకికమైన మాట కూడా. ‘కీప్ ఆన్ ట్రకిన్’ బొమ్మను టీషర్టుల మీద, లారీల బురదరేకుల మీద అచ్చేసుకుని ఎవరెవరో సొమ్ము చేసుకున్నారు. ఆ పేజీ మీద కాపీరైట్ గుర్తు లేకపోవడం వల్ల అమెరికా కోర్టుల్లో ఏళ్ల తరబడి తగాదా నడిచింది. మన చట్టం ప్రకారం గుర్తు లేకపోయినా బొమ్మ మీద హక్కు వేసినవాడిదే, వాడి తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. అయితే ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మలు మామూలుగా కంపెనీవి అవుతాయి, కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి చదువుకోమనండి. సొంత బొమ్మల మీద సంతకం, ఏడాది వేయడం అలవాటు చేసుకోమనండి. పాత సినిమా పాటలు వాయించి వీడియోలు పెడుతుంటే అక్కడా జాగ్రత్త. రికార్డింగ్ హక్కు వేరు, పాటకూ బాణీకీ ఉన్న హక్కు వేరు. ప్లేటు పాతదైనంత మాత్రాన బాణీ అందరిదీ అయిపోదు.

నాన్నగారితో మీరు వాదించకండి. వాడి బ్యాండ్ గురించి కాకుండా, చిన్నప్పుడు ఆయన ఏ పద్యాలు వినేవారో అడిగి రాసుకుని తమ్ముడికి పంపండి. వాటిలో ఒకటి నేర్చుకుని వాయించమని వాడికి చెప్పడం మీ పని. మూడు నెలల తర్వాత కూడా రాజీనామా మాటే అంటే మళ్లీ రాయండి. ఈసారి వాడినే రాయమన్నా సరే, నాలుగు బొమ్మలు కూడా జతచేసి పంపమనండి.